చలికాలంలో కొన్న ఐసు

"ఎవరికి చెప్పినవే? నిజం చెప్పు."

"నేనెవరికి చెప్త? నాకేం పని?"

"నా మోకాలి సంగతి నీకు తప్ప ఎవరికెరుక? దవాఖానకు గూడ పోలేదు నేను. మరి మేనేజరు నన్ను పిల్చి, 'రోజూ మోకాలికి ఐసు పెట్టుకుంటున్నవట గద' అన్నడు. ఐసు అన్నడే! ఐసు సంగతి ఆయనకెట్ల తెలిసింది?"

"జర మెల్లగ మాట్లాడు. పక్కింటోళ్లు వింటరు."

"విననియ్యి. ఇగ దాసేదేముంది? లిస్టుల నా పేరు లేదు. రేపు ఫైనల్ల నేను లేను."

నేను చేతిలోని గిన్నె కింద పెట్టాను. పొయ్యి మీద పప్పు మాడుతున్న వాసన వస్తున్నా లేవలేకపోయాను.

మా ఆయన హాకీ ఆటగాడు. పెళ్లినాటికే ఆడేవాడు. ఆయన ఆట చూసి ఫ్యాక్టరీవాళ్లు పనిలోకి తీసుకున్నారు. మూసాపేటలో ఒక గది కిరాయికి తీసుకుని కాపురం పెట్టాం. పొద్దున సగం పూట షెడ్డులో పని, మధ్యాహ్నం నుంచి మొరం గ్రౌండులో ఆట. ఇదంతా ఎన్నో ఏళ్ల కిందటి మాట. మొన్న మియాపూర్‌లో మా మనవరాలు ఫోనులో మంచు మీద హాకీ చూపించింది. కాళ్లకు కత్తుల్లాంటివి కట్టుకుని జారుతూ కొట్టుకుంటున్నారు. ఆడినందుకే వాళ్లకు జీతాలట. మీ తాతకూ ఆటకే జీతమిచ్చేవాళ్లని చెబితే నవ్వింది. వాళ్లకు మోకాలు వాస్తే ఏం పెడతారని అడిగాను. ఐసే పెడతారట.

ఆయనది పర్మినెంట్ నౌకరి కాదు. ఆ సంవత్సరం ఫ్యాక్టరీల పోటీలో ఫైనల్ ఆడినవాళ్లందరినీ పర్మినెంట్ చేస్తామని మేనేజరు మాట ఇచ్చాడు. లేదంటే ఆట బందు, రోజంతా షెడ్డులో ఇనుము మోయడమే. మా ఆశంతా ఆ ఒక్క ఆట మీదే ఉంది.

ఫైనల్‌కు ఇరవై రోజుల ముందు ఆయన కుడి మోకాలు మెలిపడింది. పొద్దున లేచేసరికి వాపు. ఇంట్లో గోడ పట్టుకుని నడిచేవాడు. గల్లీలోకి రాగానే పళ్లు బిగబట్టి మామూలుగా నడిచేవాడు. ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టేయించుకున్నాడు. కాలుచెయ్యి విరిగితే కట్టు కట్టే పెద్దమనిషికి ఒక్కడికే చూపించాం, ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పే మనిషి కాదు. రోజూ ఐసు పెట్టమన్నాడు. "ఇంకొక్కసారి మెలిపడ్డదంటే బతికినన్నాళ్లు కుంటుడే" అని నాతో విడిగా అన్నాడు. ఆ మాట నా కడుపులో ఉండిపోయింది.

నేను ఐసు కొనే మనిషిని కాను. ఎండలు మండిపోయే రోజుల్లో కూడా మా ఇంట్లో కుండనీళ్లే. అలాంటిదాన్ని, పొద్దెక్కినా చలి వదలని రోజుల్లో, సోడా దుకాణాలకు ఐసు గడ్డలు వేసే బండివాడి దగ్గర రోజూ ఒక ముక్క తీసుకునేదాన్ని. గోనెసంచిలో ఊక పోసి, దాంట్లో చుట్టి తెచ్చేదాన్ని.

ఆ గోనెసంచి మా టీమ్ కెప్టెన్ కంట్లో పడింది. ఆయన రెండు గల్లీల అవతల ఉండేవాడు. పదేళ్ల నుంచి మా ఆయనతో ఆడుతున్నాడు. ఆదివారమైతే మా ఇంట్లో జొన్నరొట్టె తినాల్సిందే.

"ఏంది వదినె, ఇంట్ల పెండ్లి గిట్ల ఉన్నదా? ఎండకాలంలనే ఐసు ముట్టవు నువ్వు. ఈ చలిల ఎవరికి షర్బత్ పోస్తున్నవ్?"

నాకూ నవ్వొచ్చింది. నవ్వితే నోరు వదులవుతుంది. మా ఆయన నీళ్లు పోసుకుంటున్నాడు. గడప దగ్గర నిలబడి అంతా చెప్పేశాను. "జర సూసి ఆడిపియ్యి. బాగ ఉరికించకు. నేను చెప్పినట్టు తెల్వనియ్యకు" అన్నాను.

"ఫికర్ చెయ్యకు వదినె. నేనున్న గద" అన్నాడు. ఇంకో రొట్టె అడిగి తిన్నాడు.

లిస్టులో పేరు లేదని ఆయన అరిచిన ఆ సాయంత్రం, ఇక దాచలేక ఈ సంగతి మా ఆయనకు చెప్పాను. ఆయన నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది.

"నువ్వు చెప్తే చెప్పినవ్. వాడు మేనేజరుకు చెప్పడు. వాడట్లాంటోడు కాదు."

నన్ను నమ్మడం కన్నా కెప్టెన్‌ను నమ్మడమే ఆయనకు తేలికైంది. నేను చెప్పులేసుకుని కెప్టెన్ ఇంటికి వెళ్లాను. ఇంకా దీపాలు పెట్టలేదు. అరుగు మీద ఆయన బామ్మర్ది కొత్త హాకీ కర్రకు నూనె రాస్తున్నాడు. అది చూడగానే నాకు సగం అర్థమైంది.

"మేనేజరుకు నువ్వే చెప్పినవా?"

"టీమ్‌ను గూడ సూడాలె గద వదినె. కుంటెటోన్ని పెట్టి ఓడిపోతే?"

"కుంటెటోడు సెమీఫైనల్ల గోల్ కొట్టినప్పుడు భుజాల మీద ఎత్తుకున్నవ్ గద? అప్పుడు గూడ నీకు ఎరుకనే."

కెప్టెన్ బామ్మర్ది చేతిలోని కర్ర అందుకుని తుడవసాగాడు.

"ఆయన జాగల ఎవరు ఆడుతున్నరు?"

జవాబు లోపల నుంచి వచ్చింది. ఆయన భార్య తలుపు వెనక నుంచే అన్నది: "మా తమ్మునికి గూడ నౌకరి గావాలె గద అక్కా."

ఆమె మీద నాకు కోపం రాలేదు. ఆమె తన తమ్ముణ్ని చూసుకుంది, ఉన్నమాట అన్నది. వదినె, వదినె అంటూ నా చేతి రొట్టె తిన్నవాడు టీమ్ పేరు చెప్పి తప్పించుకున్నాడు.

ఇంటికి వచ్చాను. ఏమన్నాడని మా ఆయన అడిగాడు.

"బామ్మర్ది ఆడుతడట."

మోకాలి మీద చెయ్యి పెట్టుకుని, "నువ్వు చెప్పకుంటె..." అని ఆగిపోయాడు. నేను చెప్పింది ఆయన కాలు దక్కాలని. మాడిన పప్పే ఇద్దరం తిన్నాం.

తెల్లవారి కెప్టెన్ వచ్చాడు. గడప దాటలేదు.

"వదినె, ఐదో నంబర్ అంగి ఇస్తవా? కంపెనీది. ఇయ్యాల ఆట ఉన్నది."

ఉతికి మడతపెట్టి ఉంచిన చొక్కా తెచ్చాను. కంపెనీ కుట్టించిన గుండీలు మొదటి ఉతుకుకే విరిగిపోతే, నా పాత రవికెవి మూడు తీసి కుట్టాను. కత్తెర తెచ్చి ఆయన ముందే ఆ మూడూ కత్తిరించాను.

"అంగి కంపెనీది. గుండీలు నావి" అని చొక్కా చేతిలో పెట్టాను. తీసుకుని వెళ్లిపోయాడు.

మొదటి సైరన్ కూసింది. మా ఆయన టిఫిన్ డబ్బా పట్టుకుని గల్లీలోకి దిగాడు. ఆ రోజు అందరూ చూస్తుండగానే కుంటుతూ ఫ్యాక్టరీకి వెళ్లాడు.