చెప్పులు విడిచిన కొలత

ఫుట్‌బాల్ ఫైనల్ ఉదయం ఏడింటికి. ఆళ్లగడ్డ నుంచి నలభై కిలోమీటర్లు వచ్చి, మా కోచ్ ఐదున్నరకే నంద్యాల మైదానంలో చెప్పులు విడిచారు. ఒకప్పుడు ఇసుకలో చెప్పుల్లేకుండా ఆడే బీచ్ సాకర్ ఆడిన మనిషి. ప్రతి మ్యాచ్‌కు ముందు నూరు మీటర్ల నేలనూ వట్టికాళ్లతో తొక్కి చూసేవారు. సగం మిగిలి ఉండగా, ఆరింటికే నిర్వాహకుడు వచ్చాడు.

“ఏందప్పా, చేను కొలుస్తాండావా? ముఖ్య అతిథి శ్రీశైలం పోవల్లంట. ఇప్పుడే మొదలుపెడతాండాం.”

“నిన్న ఈడ షామియానా వేసి పీకినారన్నా. గుంజల గుంతలు పూడ్చలేదు. అర్ధగంట ఇయ్యి.”

ఇవ్వలేదు. శాలువాలకు మాత్రం ఇరవై నిమిషాలు ఇచ్చారు.

ఆట పన్నెండో నిమిషంలో, ఆయన తొక్కని సగంలో, తొమ్మిదంగుళాల గుంతలో నా కుడికాలు దిగబడింది. నేలను చూడనివ్వని ఆ మనుషులే, నేల చూసుకోలేదని పైకి రాసి ఆయన్ను తీయించేశారు.

నష్టం ఇది: నా చీలమండలో రెండు ఎముకలు, నా ఆట, ఆయన ఉద్యోగం.