నాన్న క్యాంటీన్ కార్డు మూసిన రోజు

ఆ మధ్యాహ్నం ఫ్యాక్టరీ గేటు పక్క ఆఫీసులో ముగ్గురం ఉన్నాం: గుమాస్తా, అమ్మ, నేను. బల్ల మీద నాలుగు వస్తువులు: నాన్న మరణ ధ్రువపత్రం నకలు, ఆయన గుర్తింపు బిళ్ల, లాకరు తాళంచెవి, క్యాంటీన్ కార్డు. గోడ గడియారంలో ఒకటీ యాభై.

ఫ్యాక్టరీ తిరువళ్లూరు స్టేషన్ నుంచి బస్సులో ఇరవై నిమిషాలు. నాన్న పంతొమ్మిదేళ్లు తిరుత్తణి నుంచి లోకల్ రైల్లో వచ్చి అక్కడ పనిచేశాడు. పోయింది మాత్రం ఇంట్లో, నిద్రలో. అప్పటికి ఆరు వారాలైంది.

గుమాస్తా కార్డును మెషీన్ మీద పెట్టి చూశాడు.

"తంబీ, తాళం సరి, బిళ్ల సరి. కార్డులో నూట అరవై మూడు రూపాయలు మిచ్చం ఉండాది. సున్నా అయితేనే క్లోజ్ చీటీ వస్తాది."

"ఆ డబ్బు మాకొద్దు సార్, వదిలేస్తాం."

"నువ్వు వదిలినా సిస్టం వదలదు కదప్పా. పోయి తినేసి రండి."

చీటీ లేకపోతే నాన్న ఫైలు కదలదు. ఆ నెల ఫైళ్లు ఆ రోజు మూడింటికి హెడ్డాఫీసుకు వెళ్తాయి; దాటితే మళ్లీ నెలకే. అమ్మ పింఛను కాగితం కూడా అందులోనే ఉంది. నా డిప్లొమాకు ఇంకా ఉద్యోగం దొరకలేదు. ఇంకో నెల ఎలా గడుస్తుందని నేనూ అడగలేదు, అమ్మా అడగలేదు.

క్యాంటీన్‌లో రెండు భోజనాలు తీసుకున్నాను. ఎనభై పోయింది, ఎనభై మూడు మిగిలింది. అమ్మ పళ్లెం పట్టుకుని నిలబడింది. ఆమె ఆ గదిని చూడటం అదే మొదటిసారి.

"మీ నాయన యాడ కూర్చునేవాడో?"

నాకు తెలియదు. కార్డుల్లో డబ్బు వేసే కౌంటరు మనిషి విన్నాడు. నాన్న వయసువాడే. "ఆ ఫ్యాన్ కింద, గోడ పక్కన కూర్చునేవాడక్కా," అని చూపించాడు. అమ్మ అక్కడికి వెళ్లి, ఆ కుర్చీలో కాకుండా దాని ఎదుటి దాంట్లో కూర్చుంది. అన్నం మొత్తం తిన్నది. నేనూ తిన్నాను. సాంబారులో ఉప్పు సరిపోయింది.

తింటూ ధరల బోర్డు చదివాను. టీ ఆరు, వడ ఎనిమిది, కాఫీ పది, భోజనం నలభై. అన్నీ సరి సంఖ్యలు. కార్డులో ఉన్నది బేసి. ఏది ఎన్ని కొన్నా సున్నా రాదు. భోజనం కొనకముందే ఇది చూడాల్సింది. అప్పటికి టైము రెండూ ఇరవై.

కౌంటరు మనిషికి చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"రాదు. మీ నాయన ఏ నెలా అయిదు వందలు వేసినాడు కాదు. అయిదు వందల ఒకటి. పెళ్లిలో చదివింపులు చదివించినట్టు. రౌండుగా వేస్తే నిలవదంటాడు. ఇది క్యాంటీన్ అప్పా, కల్యాణ మండపం కాదని ఎన్నోసార్లు చెప్పినా. వింటేనా?"

"ఇంట్లో బియ్యం డబ్బాలో డబ్బులు కూడా అంతే పెడతాడు," అంది అమ్మ. 'పెడతాడు' అనే అంది. ఎవరూ సరిదిద్దలేదు.

"ఒక్క రూపాయి వేస్తారా?" అని అడిగాను.

"నూరుకు తక్కువ మెషీన్ తీసుకోదు. ఆపైన నీ ఇష్టం."

నూట ఒకటి అన్నాను. ఆయన నా ముఖం వైపు చూశాడు. "నువ్వు కూడానా?" అని కార్డు మెషీన్ మీద పెట్టాడు. పోయిన మనిషి కార్డులో నేను డబ్బు వేసిన రసీదు బయటికొచ్చింది. దాని మీద నాన్న పేరు, కింద నూట ఎనభై నాలుగు. ఎనిమిదితో భాగిస్తే ఇరవై మూడు, శేషం లేదు. లెక్క కుదిరినందుకు కొంచెం తృప్తిగా అనిపించింది. ఆ ఆరు వారాల్లో నాకు ఏదైనా అనిపించడం అదొక్కసారే.

"ఇరవై మూడు వడలు ఇవ్వండి."

"ఇంట్లో ఏం విశేషం?" అన్నాడు వంట మనిషి. అతనికి విషయం తెలియదు. కౌంటరు మనిషి అటునుంచి, "అడక్కు, కట్టియ్," అన్నాడు. వంట మనిషి వడలు పేపర్లో పెట్టి కట్టాడు. నూనె పొట్లం దాటి అమ్మ చీర కొంగుకు అంటింది. ఆమె తుడుచుకోలేదు.

రెండూ యాభై రెండుకు ఆఫీసుకు చేరాం. గుమాస్తా కార్డు పెట్టి చూసి, మూలన కత్తెరతో కోసి, చీటీ మీద ముద్ర వేశాడు. ఒక వడ తీసుకోమని అమ్మ పొట్లం చాపింది. తీసుకుని, "ఆయన చేతి తిండి అనుకుంటా అక్కా," అన్నాడు. అమ్మ తల ఊపింది.

తర్వాత చీటీని ఫైలులో పెట్టి, ఫైలును ట్రేలో వేశాడు. కింద ఉన్నవాటిని లెక్కపెట్టాను, పది.

నాన్నది పదకొండోది.