ఇంజను కాడ ఇద్దరు

కర్నూలు రాజధానిగా ఉన్న కాలం. చుట్టుపక్కల ఊళ్లకు ఇంకా కరెంటు రాలేదు. బొజ్జన్న డేరా సినిమా ఎమ్మిగనూరులో వేసినా, ఆత్మకూరులో వేసినా కరెంటు పుట్టించే ఆయిలు ఇంజను మాత్రం కంబన్న చేతిదే. స్టార్టు చేసి ముందు దీపాలకు కరెంటిచ్చేవాడు. ఇంజను కుదుటపడేదాకా సౌండుపెట్టె జోలికి ఎవరినీ పోనిచ్చేవాడు కాదు. దాంట్లో గాజు వాల్వులుంటాయి. కరెంటు ఒక్కసారి ఎగదన్నిందా, మాడిపోతాయి.

అసలు గండం రీలు తెగినప్పుడు. ఆపరేటరు బొమ్మ వేసే మిషను దీపం ఆర్పేస్తాడు. దాని బరువు తగ్గేసరికి ఇంజను పగ్గం తెగిన కోడె మాదిరి ఉరుకుతుంది. ఆ క్షణంలోనే ఆయిలు తగ్గించి దాన్ని పట్టుకోవాల. మీటరు ముల్లు ఎప్పుడో విరిగిపోయింది. కంబన్నకు దాని అవసరమే పడలేదు. చెవితోనే పట్టేసేవాడు.

ఏండ్ల తరబడి ఆ రొదలో కూర్చున్న చెవులు మెల్లగా మూతబడ్డాయి. ముందు కనిపెట్టింది భార్య ఉరుకుందమ్మ. సంగటికి పిలిస్తే పలకడం లేదు. కసురుకుందామని ఎదురుగా పోతే, మొగుడు తన పెదాల దిక్కే చూస్తాండాడు. ఆమె కసురుకోవడం మాని అతని పక్కన కూర్చుంది.

"ఎవురికీ చెప్పొద్దే. ఈ పని తప్ప నాకేమొస్తాది?" అన్నాడు కంబన్న.

"నేనుండా గదా," అనింది ఆమె.

ఆనాటి నుంచి ఆట మొదలైతే అతని పక్కనే కూర్చునేది. ఇంజను గొంతు లేస్తే భుజం నొక్కేది, కుంగితే వీపు తట్టేది. "పెండ్లాన్ని ఇడిసి గడియుండలేడప్పా," అని జనం నవ్వేవాళ్లు. నవ్వనీలే అనుకునేది.

ఆత్మకూరులో ఆమెకు చలిజ్వరం తగులుకుంది. వణుకుతానే దుప్పటి కప్పుకొని వచ్చింది.

"పోయి పండుకోవే."

"నువ్వు ఇనలేవు. నేను పండుకోలేను."

ఆ సాయంత్రమే ఆమె చెయ్యి అతని భుజం మీది నుంచి జారిపోయింది. కంబన్న ఆట నడుమనే ఇంజను ఆపేసి, ఆమెను ఒళ్లోకి తీసుకున్నాడు. ఆసుపత్రికి బండి కట్టేలోపలే ప్రాణం పోయింది. వాగొడ్డున పూడ్చారు.

"ఇంటికి పోయి నాలుగు దినాలుండి రాప్పా," అన్నాడు బొజ్జన్న.

"యాడికి పోవాల సావుకారీ? ఆమె ఈడనే ఉండాది."

మళ్లీ ఇంజను కాడ కూర్చున్నాడు, ఒక్కడే. మొదటి ఆటలోనే రీలు తెగింది. ఇంజను ఉరికింది. కంబన్న మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని అట్లే ఉన్నాడు. కాళ్లకింద నేల అదిరి తలెత్తేసరికి లోపల సౌండుపెట్టె పొగలు కక్కుతోంది.

బొజ్జన్న అరుచుకుంటా వచ్చాడు. కంబన్న అతని పెదాలకేసి చూశాడు.

"నాకు చెవుల్లేవు సావుకారీ. శానా దినాలైంది. ఇన్నాళ్లూ ఇనింది నా పెండ్లాము."

బొజ్జన్న అతని పక్కనే మట్టిలో కూలబడ్డాడు.

ఇంజనుకు కొత్త మనిషి వచ్చాడు. కంబన్నను గేటు కాడ ఉండమన్నాడు బొజ్జన్న. డేరా ఎత్తి లారీకెక్కించిన నాడు కంబన్న ఎక్కలేదు. ఎంత బతిమాలినా కదల్లేదు.

ఆ ఊళ్లోనే కట్టెల అడితిలో కాపలాకు కుదిరి, అక్కడే ముసలివాడయ్యాడు. పొద్దున్నే వాగొడ్డుకు పోయి, ఆమె తలాపున కూర్చుని మాట్లాడేవాడు. గట్టిగా మాట్లాడేవాడు, తన గొంతు ఎంత పైకి పోతోందో తెలియక. దావన పోయేవాళ్లు ఆగి, విని, తలొంచుకొని పోయేవాళ్లు.