నవ్వుకు ఇచ్చిన పేరు

మీ ఊళ్లో నవ్వడానికి మీరు ఎవరిని ఉంచుకున్నారు? ఎవరూ లేరని తల అడ్డంగా ఊపకండి. కుంటివాడో, నత్తివాడో, పెళ్లాం వదిలేసిన వాడో, ఎవడో ఒకడు ఉండే ఉంటాడు. వీధినాటకం వాళ్లు మీ ఊళ్లో దిగగానే హాస్యగాడు వాకబు చేసేది అతని కోసమే.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నేను పుంగనూరులో బడిపంతులుగా ఉండేవాణ్ణి. సెలవు దొరికితే మదనపల్లె పోయి, దేవుడు ఉన్నాడా లేడా అని స్నేహితులతో గొంతు బొంగురుపోయేదాకా వాదించి వచ్చేవాణ్ణి. పొద్దుటి తిండి మాత్రం సంతవీధిలోని ఇడ్లీ అంగట్లో. అంగడాయనకు ముఖం మీద, చేతుల మీద బొల్లి మచ్చలు. పిండి రుబ్బేది భార్య, వడ్డించేది ఆయన. ఆ చేతులతో పెట్టిన ఇడ్లీని ఊరంతా తినేది. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఈ మాట గుర్తుంచుకోండి. మూఢనమ్మకం ముందు పుడుతుందని, ఎగతాళి దాని వెనక వస్తుందని అప్పటిదాకా నేనూ అనుకునేవాణ్ణి.

ఏటా జరిగే పశువుల సంతకు, మా వైపు పరస అంటారు, నాటకం వాళ్లు వచ్చారు. హాస్యగాడు ఆ అంగట్లోనే కూర్చుని, ఇడ్లీ తింటూ అడిగాడు.

"ఈ ఊర్లో ఎవురి మాటెత్తితే జనం బాగా నగుతారప్పా?"

బెంచీల మీద ఉన్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎడ్ల బేరగాడొకడు గడ్డంతో అంగడాయన వైపు చూపించాడు.

"ఇంగెవురు? మా సుక్కలాయన ఉండాడు కదా!"

అంగడాయన కూడా నవ్వాడు. "సెప్పుకోప్పా. అంగడి పేరు గూడా రొంత గట్టిగా సెప్పు. పరసకొచ్చినోళ్లంతా ఈడికే వస్తారు."

ఆయన లెక్క అది. నేను వద్దన్నాను. "మీకు అన్నిటికీ వాదమే అయ్యోరూ" అని నా ఆకులో ఇంకో వడ వేశాడు.

పొద్దుగూకగానే ఆట మొదలైంది. హాస్యగాడు ముఖం నిండా ముగ్గుపిండి చుక్కలు పెట్టుకుని, గరిటె పట్టుకుని వచ్చాడు. అంగడి పేరు నిజంగానే గట్టిగా చెప్పాడు. తర్వాత జనంలోకి దూకాడు.

"తిను మామా, ఒగటి తిను! నా మాదిరి తెల్లగయితావు. అందరం దొరలైపోతే ఇంగ సొరాజ్యం అడిగే పనే లేదు!"

జనం విరగబడి నవ్వారు. అతని చెయ్యి తగిలినవాళ్లు కెవ్వుమని, భుజం తుడుచుకుని, ఆ తుడిచిన చేతిని పక్కవాడికి రాశారు. ముందు వరసలో ఉన్న అంగడాయన నవ్వుతూనే ఉన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఆటలో భాగంగానే ఆయనకు ఎడంగా జరిగారు. ఆట ముగిశాక మళ్లీ దగ్గరికి జరగలేదు.

మర్నాడు బెంచీలు ఖాళీ. ఎడ్ల బేరగాడు "కడుపులో బాగలేదప్పా" అంటూ దాటిపోయాడు. భార్య ఇడ్లీల మీద మూత తీసి, చూసి, మళ్లీ పెట్టింది. "నిన్న నగినోళ్లంతా యాడికి పోయిరి?" అంది. ఆయన ఖాళీ బెంచీలను తుడుస్తూ పోయాడు.

నేను ఊరుకోలేదు. మదనపల్లె నుంచి తెలిసిన డాక్టరును పిలుచుకొచ్చాను. బొల్లి అంటుకోదని ఆయన వీధిలో నిలబడి చెప్పి, అందరి ఎదుటా ఆ ఇడ్లీలు తిన్నాడు. జనం మూగి శ్రద్ధగా చూశారు. చివరికి ఒకడన్నాడు:

"ఆయనకేమప్పా, మందు ఆయన దగ్గరే ఉండాది."

మళ్లీ నవ్వు. దేవుణ్ణే ఓడించి వచ్చానని విర్రవీగినవాణ్ణి, ఆ నవ్వుకు నా దగ్గర జవాబు లేకపోయింది.

అంగడి మూసేసి మొగుడూ పెళ్లాం కుప్పం వెళ్లిపోయారు. ఆమె తమ్ముడు అక్కడ రైలు స్టేషనులో కూలీ. కొన్ని నెలల తర్వాత వాళ్లను వెదుక్కుంటూ వెళ్లాను. పట్టాల పక్కన ఆయన కంకర కొడుతున్నాడు, ముఖానికి తువ్వాలు చుట్టుకుని. ఆమె తట్ట మోస్తోంది.

"ఇక్కడ అంగడి పెట్టలేదా?" అని అడిగాను.

"పెడితిని అయ్యోరూ. ఆ నాటకమోళ్లు ముందే ఈడికొచ్చి పోయిండారు. పుంగనూర్లో బాగా నగినారని ఆ ఆటే ఈడా ఆడినారంట. నన్ను సూస్తానే పిల్లోళ్లు సుక్కలాయన, సుక్కలాయన అని ఎగిరిరి." సుత్తి ఎత్తి మళ్లీ దించాడు. "నా మొగం నాకంటే ముందే వచ్చి కూసోనుండాది."

నేను ఆయన ముందున్న కంకర కుప్ప వైపు చూశాను.

"రాళ్లే మేలు. వీటిని ఎవురూ తినే పన్లేదు" అన్నాడు.

ఆ హాస్యగాడు ఎవరినీ వెదికి పట్టుకోలేదు. అడిగాడు, ఊరు ఇచ్చింది, తీసుకున్నాడు. వాడు మీ ఊరికీ వస్తాడు. మీరు రోజూ తినే చోటే కూర్చుని అదే మాట అడుగుతాడు. మీ ముందు ఆకు వేసేవాడి వైపు గడ్డం తిప్పకండి. ఆ ఆట మా ఊళ్లో వద్దని లేచి చెప్పండి. నవ్వు లేకపోతే నాటకమే లేదంటారా? అయితే మీ పేరు ఇవ్వండి.