సెలైన్ స్టాండుకు హ్యాండ్‌బ్యాగు

గుంటూరు ఆసుపత్రిలో మా నాన్న నిమోనియాతో పడుకున్నప్పుడు ఆ హెడ్ సిస్టర్‌ను చూశాను. పొగరుబోతు అనేవాళ్ళు ఆమెను. అననీ. డ్యూటీ దిగే నర్సు భుజం మీది హ్యాండ్‌బ్యాగు లాక్కుని, పేషెంటు పక్కనున్న సెలైన్ స్టాండుకు తగిలించేది. మంచం దగ్గర నిలబడి, పేషెంటు వినేలా అతని సంగతులన్నీ తర్వాతి డ్యూటీవాళ్ళకు అప్పగిస్తేనే బ్యాగు చేతికొచ్చేది.

ఆ మధ్యాహ్నం డ్యూటీ దిగుతున్న నర్సుకు అద్దంకి బస్సు తొందర. "ఆరో బెడ్డు మామూలే సిస్టర్," అంది గుమ్మంలోంచే, మా నాన్న మంచం చూపిస్తూ.

"మామూలనేది ఏ జబ్బు తల్లీ?" అంటూ సిస్టర్ బ్యాగు తగిలించేసింది. ఆ అమ్మాయి వచ్చి గబగబా ఏదో అప్పజెప్పింది. సిస్టర్ మా నాన్న వైపు తిరిగింది. "పెద్దాయనా, ఇంకేమన్నా మిగిలిందా?"

"పొద్దున సూదేశాక ఒళ్ళంతా దద్దుర్లొచ్చాయమ్మా. ఈ పాపకి చెప్పా. మిరపకాయలు కోసేవాళ్ళకి దురద మామూలే అంది."

అదే ఇంజెక్షను మళ్ళీ వేయడానికి ట్రేలో సిద్ధంగా ఉంది. సిస్టర్ దాన్ని పక్కన పెట్టించి డాక్టరుకు ఫోన్ చేసింది.

గొడవ విని మేనేజర్ వచ్చాడు. "పేషెంట్ల ముందు ఇవన్నీ ఎందుకండీ? భయపడిపోతారు. ముందా అమ్మాయిని పంపించేయండి," అని బ్యాగు కోసం చెయ్యి చాపాడు.

సిస్టర్ స్టాండుకు అడ్డంగా నిలబడింది. "ఒళ్ళు ఆయనదండీ. ఆయన వినకుండా ఇంకెవరు వినాలి? బ్యాగు కావాలా? తీసుకోండి. ముందు ఈయనకి ఏమైందో మీరు చెప్పండి."

మేనేజర్ మా నాన్న దద్దుర్ల వైపు చూశాడు. ట్రే వైపు చూశాడు. చాపిన చెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు.