రంగుమందు లేకుండా పావుగంట

బందరు స్కానింగ్ సెంటర్లో రాజకుమారికి పొగరని పేరు. ముదినేపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చే ఈ టెక్నీషియన్, తప్పు కనబడితే ఎదుట ఉన్నది డాక్టరా, యజమానా అని చూసేది కాదు. అక్కడ ఆ రెండూ శశిధర్ గారే కాబట్టి తిట్లు మాత్రం ఒక్కచోట నుంచే వచ్చేవి.

2008లో గిలకలదిండి నుంచి జకరయ్య వచ్చాడు. ముప్పై ఏళ్లు బోటు నడిపిన మనిషికి షుగరుతో పాదం నల్లబడింది. రక్తం ఎక్కడ ఆగిందో, దాని దిగువన మంచి నాళం మిగిలిందో లేదో తెలిస్తే బైపాస్ చేస్తారు. తెలియకపోతే మోకాలి కింద తీసేస్తారు. రంగుమందు ఎక్కిస్తే ఎమ్మారైలో బొమ్మ నిమిషాల్లో వస్తుంది గానీ, ఆయన కిడ్నీల పరిస్థితికి ఆ మందు ప్రమాదం. మందు లేకుండా తీయాలంటే గంటసేపు కదలకుండా పడుకోవాలి. కాలు కిందికి వేలాడేస్తేనే నొప్పి తగ్గే మనిషి, చాపితే పావుగంటకి మించి ఓర్చుకోలేడు. రెండుసార్లు ప్రయత్నించారు. రెండుసార్లూ కదిలాడు, బొమ్మ చెదిరిపోయింది.

"ఇంక లాభం లేదమ్మా, పంపించెయ్," అన్నారు శశిధర్ గారు.

"కాలు పోతుందండీ."

"మనమేం చేస్తాం?"

ఆ మాటకి రాజకుమారికి ఒళ్లు మండింది. వెళ్లి జకరయ్య మోకాలి వెనక వేళ్లు పెట్టి చూసింది. నాడి బాగా కొడుతోంది. అంటే అక్కడిదాకా రక్తం వస్తోంది, తొడంతా బొమ్మ తీయడం దండగ. అక్కడికి పట్టే గంటలో సగం తగ్గింది. ఇక కాలేమో సన్నం, మిషనేమో దాని పక్కనున్న ఖాళీని కూడా అంతే శ్రద్ధగా కొలుస్తోంది. గాలికి రక్తనాళాలుంటాయా? ఆ కొలత తగ్గిస్తే మిగిలిన అరగంటలోనూ సగం తగ్గుతుంది.

"కంపెనీవాళ్లు పెట్టిన సెట్టింగులు ముట్టుకోవద్దు," అన్నారాయన అదంతా విని. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

"ముట్టుకుంటానండీ. తప్పైతే రేపటి నుంచి రాను."

లోపలికెళ్లి జకరయ్య కాలు సర్దింది. "బాబాయ్, పద్నాలుగు నిమిషాలు. నన్ను తిట్టుకో, నీ ఇష్టం. కాలు మాత్రం కదపకు."

జకరయ్య పళ్లు బిగించాడు. కదల్లేదు.

పిక్కలో నాళాలన్నీ మూసుకుపోయి ఉన్నాయి. చీలమండ దగ్గర ఒక్కటి మాత్రం సన్నగా, తెల్లగా పాదంలోకి దిగుతోంది. శశిధర్ గారు కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు.

"బొమ్మ గరుగ్గా ఉంది."

"గరుకేనండీ. నాళం కనబడుతోందా, లేదా?"

కనబడుతోందని ఆయనే రిపోర్టు రాశారు. విజయవాడలో బైపాస్ చేశారు. రెండు వేళ్లు పోయాయి, కాలు నిలిచింది.

ఆ కబురు తెలిశాక శశిధర్ గారు ఆ సెట్టింగులు మిషన్లో దాచమన్నారు, సెంటర్ పేరు పెట్టి. రాజకుమారి ఆయన చూస్తుండగానే "జకరయ్య" అని కొట్టి, సేవ్ నొక్కింది.