పెద్దల సభలో ఊకొట్టిన నాయకుడు

పెద్దల సభలో ప్రభుత్వం తరఫు పనులు నడిపే బాధ్యత నాకు అప్పగించారని తెలిసినప్పుడు, తమిళనాడు ధర్మపురిలో మా అక్క అడిగిన మొదటి ప్రశ్న, "అంటే అక్కడ నువ్వేం చేస్తావురా?" అని.

చెప్పడం కష్టమే. పొద్దున్నే ఏ బిల్లు ముందు, ఏది వెనక అని చూసుకోవాలి. కాగితాలు సభ ముందు పెట్టాల్సిన మంత్రి ఇంకా దారిలోనే ఉంటే ఆయన బదులు మరొకరిని నిలబెట్టాలి. ప్రతిపక్ష నాయకుడితో టీ తాగుతూ ఎవరికి ఎంతసేపు మాట్లాడే వీలివ్వాలో బేరమాడాలి. ఓటింగుకు గంట మోగగానే క్యాంటీన్లో దోసె తింటున్నవాళ్ళను, వరండాలో ఫోన్లు మాట్లాడుతున్నవాళ్ళను, పొద్దుగూకే వేళ కోళ్ళను గంప కిందికి తోలినట్టు లోపలికి తోలాలి.

ఇదంతా విని అక్క, "మన తాత పేరు చెబితే ఏరియూరు దాకా గుర్రాలు కదిలేవంట. నువ్వు కోళ్ళు తోలతాండావు" అంది.

మాది పాళెగాళ్ళ వంశం. ఆ మాట చెప్పుకోవడానికి నేనెన్నడూ వెనుకాడలేదు. గుర్రాలు, భూములు, బిరుదులు అన్నీ పోయాయి. దివాణంలో మాకు మిగిలింది వెనక నాలుగు గదులు. ముందు హాలును పెళ్ళి సామాన్లు అద్దెకిచ్చే ఆయనకు ఇచ్చాం. మా పూర్వీకులు కొలువు తీరిన చోట ఇప్పుడు ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి కప్పు దాకా పేర్చి ఉంటాయి. అయినా మా ఇంట్లో ఎవరూ కుర్చీకి వీపు ఆనించి కూర్చోరు. సభలో నేనూ అంతే.

ఆ హాల్లోనే ఒక ఆదివారం పెద్దల సభ సమావేశమైంది.

దానికి కారణం మా పక్షం కొత్త సభ్యుడు, మా దగ్గరి వెల్లిచందై ఊరి రైతు. మాలాగే తరతరాలుగా ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మర్నాడు సభలో గిడ్డంగుల బిల్లు మీద ఆయన తొలి ప్రసంగం. టమాటాను మా వైపు తక్కాళి అంటాం. ధర పడిపోయినప్పుడల్లా రైతులు తక్కాళిని రోడ్డు పక్కన పారబోసి ఖాళీ ట్రాక్టరుతో ఇంటికి పోతారు. ఊరికి దగ్గర్లో ఒక చల్లని గిడ్డంగి కావాలని ఢిల్లీలో అడిగి తీరతానని ఆయన పాలకోడు మార్కెట్టులో అందరి ముందూ మాటిచ్చి వచ్చాడు. సోమవారం మార్కెట్టులో టీవీ పెట్టి చూస్తారట. నోరు పెగలకపోతే మళ్ళీ ఆ మార్కెట్టుకు బండి తోలుకుని పోయే మొహం తనకు ఉండదని ఆయన దిగులు.

ఆ దిగులులో అర్థముంది. అంతకుముందే ఢిల్లీలో ఒక ఖాళీ గదిలో మా సభ్యులు కొందరిని కూర్చోబెట్టి ఆయనతో మాట్లాడించి చూశాను. ఒకటి రెండు వాక్యాలు చెప్పి ఆగిపోయాడు. చెమటకు చొక్కా తడిసిపోయింది. కాగితం చూసి చదవమంటే, ఊరి బాధ ఇంటి మాటలోనే చెబుతానని పట్టుబట్టాడు. మా వైపు చాలామందిలాగే ఆయనకు తెలుగు మాట్లాడడమే కాని చదవడం రాదు. కాబట్టి మాట నోట్లోంచి రావలసిందే.

వారాంతానికి ఇద్దరం ఇళ్ళకు వచ్చాం. ఆదివారం పొద్దున ఆయనను మా హాలుకు పిలిపించి, వరుసగా కుర్చీలు వేయించాను. అద్దె సామాన్ల దుకాణం ఆయనను ఎత్తైన బల్ల మీద సభాధ్యక్షుడిగా కూర్చోబెట్టాను. గంట బదులు ఆయన స్టీలు పళ్ళెం, గరిటె తెచ్చుకున్నాడు. కుర్చీలు మోసే పనివాళ్ళు ప్రతిపక్షం. నేను ముందు వరుసలో. లోపలి గడప మీద అక్క అనపకాయలు ఒలుస్తూ కూర్చుంది.

కుర్చీలు చూసి వీధిలో పోయేవాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు. ఒకావిడ నా వైపు వంగి, "పిల్ల ఎవురు సామీ?" అని అడిగింది.

"పిల్ల లేదమ్మా. బిల్లు."

"ఏదో ఒకటి. సాపాటు ఎప్పుడు?"

"సాపాటు లేదు."

"సరి, పోనీ. కాళ్ళు నొస్తాండాయి, కొంచేపు కూర్చోని పోతా" అని ఆమె అక్కడే స్థిరపడింది.

మొదట కొత్త సభ్యుణ్ణి కేకలకు అలవాటు చేద్దామనుకున్నాను. ప్రతిపక్షానికి సైగ చేశాను. వాళ్ళు ఆ సైగ కోసమే పుట్టినట్టున్నారు.

"కూర్చోవయ్యా! నీ తక్కాళి నువ్వే తిను!"

"బండికి డీజిల్ లేదు గాని ఢిల్లీకి పోయినాడంట!"

"తింటాన్రా! మీ ఇంటికొచ్చి మీయమ్మ నూరిన పచ్చడితో తింటాను!" అని కొత్త సభ్యుడు గర్జించాడు. సంతలో పెరిగిన గొంతు అది. అధ్యక్షుడు మురిసిపోయి పళ్ళెం వాయించిన వాయింపుకు ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు కాని, మా వాడు మాత్రం ఆగలేదు.

నాకు ప్రాణం లేచి వచ్చింది. అంతలోనే అసలు సంగతి గుర్తొచ్చి చతికిలబడ్డాను. తొలి ప్రసంగానికి పెద్దల సభలో ఎవరూ అడ్డు తగలరు. అది అక్కడి మర్యాద. ఎంత కరిచే ప్రతిపక్షమైనా ఆ కాసేపు చేతులు కట్టుకుని వింటుంది.

"ఇప్పుడెవరూ నోరు మెదపకండి" అని ఆజ్ఞాపించాను. హాలు సద్దుమణిగింది.

"మా ఊళ్ళో ఒక ఏడు తక్కాళి బాగా కాసింది. బండ్లన్నీ మార్కెట్టుకు పోయినాయి..." అన్నాడు. ఆగాడు. చొక్కా తడవడం మొదలైంది.

గడప మీది నుంచి, అనపకాయల మీది చూపు తిప్పకుండానే, అక్క "ఊ" అంది.

"పోయి వరసగా నిలబడినాయి..."

"ఊ."

"నిలబడితే కొనేవాడు ఒగడూ రాలేదు..."

కథ పరుగందుకుంది. అంతలో లోపల కుక్కరు కూత వేసింది, అక్క లేచి పోయింది. బండ్లు ఉన్నచోటే నిలిచిపోయాయి. అక్క తిరిగి వచ్చి కూర్చుని, "ఊ, రాలేదు. అప్పుడు?" అంది. బండ్లు మళ్ళీ కదిలాయి.

"ఏమయ్యా, ఊకొట్టకపోతే నీకు మాట రాదా?" అని అడిగాను.

"ఎట్లొస్తుంది దొరా? మా అమ్మ కొడుతుంది, పెండ్లాం కొడుతుంది, మార్కెట్లో దళారీ గూడా కొడతాడు. ఊ లేకపోతే ఎదరోళ్ళు నిద్రపోయినారేమో అనిపిస్తుంది. నిద్రపోయినోళ్ళకు ఏం చెప్పేది?"

అంటే ఢిల్లీ మర్యాదే ఈయన గొంతు నొక్కుతోందన్నమాట. సభలో పక్క సీటాయనకు చెప్పి ఊకొట్టిస్తానన్నాను.

అక్క నవ్వింది. "తెలుగు రానోడు ఊ ఎక్కడ కొడతాడురా? మాట నడుమ కొడితే కథ చచ్చిపోతుంది. మీ పక్షంలో తెలుగు తెలిసినోడు ఎవురుండారు, నువ్వు తప్ప? నువ్వే కొట్టు."

"సభా నాయకుడు ముందు వరుసలో కూర్చుని ఊకొట్టడమా! అక్కా, మన తాత మాట్లాడితే ఊకొట్టడానికి తలుపు వెనక ఒక మనిషి ఉండేవాడు. మనం కొట్టించుకున్నవాళ్ళం."

"తెలుసులే. ఆ తలుపెనక నిలబడినోడు ఈయన తాతే. అడుగు."

ఆయన తల గోక్కుంటూ నవ్వాడు. "అవును దొరా. మీకెందుకులే శ్రమ, నేను గోడకు చెప్పుకుంటాను."

"నేను ఊకొట్టడం జరగని పని" అని నేను అక్కతో తేల్చి చెప్పాను. అధ్యక్షుడు పళ్ళెం మోగించి, "సభ వాయిదా! పాలకోడులో పెండ్లికి కుర్చీలు పంపాల" అన్నాడు. ప్రతిపక్షం మమ్మల్ని లేపి, సభనంతా లారీకెక్కించుకుని పోయింది.

సోమవారం మధ్యాహ్నం బిల్లు చర్చకు వచ్చింది. కొత్త సభ్యుణ్ణి పిలిచారు. లేచి నిలబడ్డాడు. "అధ్యక్షా, మా ఊళ్ళో ఒక ఏడు తక్కాళి బాగా కాసింది" అన్నాడు. సభ కిక్కురుమనలేదు. ఆ నిశ్శబ్దం కోసం నేను రోజూ ఎంతమంది గడ్డాలు పట్టుకుని బతిమాలేవాడినో! ఆవేళ అది అడగకుండానే వచ్చి ఆయన మీద కూర్చుంది. "బండ్లన్నీ మార్కెట్టుకు పోయినాయి" అన్నాడు. ఆగాడు. ఆయన చేయి సీటు కోసం వెనక్కి తడుముతోంది. పాలకోడులో టీవీ ముందు నిలబడ్డవాళ్ళు నా కళ్ళ ముందు మెదిలారు.

"ఊ" అన్నాను.

వీపు నిటారుగా ఉంచే అన్నాను. ఆ నిశ్శబ్దంలో అది నాలుగు గోడలకూ తగిలింది. అధ్యక్షులు నా వైపు తిరిగి, "సభా నాయకులు ఏమైనా చెప్పదలిచారా?" అని అడిగారు.

లేచి నిలబడ్డాను. "లేదు అధ్యక్షా. వింటున్నాను."

కూర్చున్నాను. ఆయన నా వైపు ఒక్క చూపు చూశాడు. తడుముతున్న చేయి ముందుకు వచ్చింది. "పోయి వరసగా నిలబడినాయి అధ్యక్షా!"

"ఊ."

ఎదుటి బెంచీల్లో ఆంధ్ర నుంచి వచ్చిన సభ్యులు మొదట మొహాలు చూసుకున్నారు. తర్వాతి ఊ వాళ్ళ వైపు నుంచి వచ్చింది, సరిగ్గా రావలసిన చోట. ఇక ఆయనను పట్టేవాళ్ళు లేరు. ప్రతిపక్ష నాయకుడికి తెలుగు ముక్క రాదు కాని ఆయనకూ ఉత్సాహం పుట్టుకొచ్చి తప్పు చోట కొట్టాడు. పక్కాయన మోచేత్తో పొడిచి సరిదిద్దాడు. చెవికి తగిలించుకున్న యంత్రంలో దుబాసీ మా ఊలన్నింటినీ ఎంతో ఓపికగా "జీ హాఁ, జీ హాఁ" అని హిందీలోకి దించుతున్నాడు. నాకు లోపలి నుంచి నవ్వు తన్నుకొచ్చి, పళ్ళు బిగబట్టి కూర్చున్నాను.

కొత్త సభ్యుడికిచ్చిన సమయం అయిపోయింది. తొలి ప్రసంగానికి గంట కొట్టరు, సైగ చేయాల్సింది నేనే. నా వెనక మంత్రి తన చేతి గడియారాన్ని వేలితో టకటకలాడించాడు. తర్వాతి బిల్లు ఆయనదే. ఈ ప్రసంగాన్ని ఆపడం నాకు చాలా తేలిక, నోరు మూసుకుంటే చాలు.

"రోడ్డు పక్కన పోసినాము అధ్యక్షా. ఆవులు గూడా మూతి తిప్పుకోని పోయినాయి. అదే ఊరి దగ్గర ఒక చల్లని గిడ్డంగి ఉండుంటే ఏమయ్యుండును?" అని ఆయన ఆగి, సభనంతా కలయజూసి, నా దగ్గర చూపు నిలిపాడు.

మంత్రి కూడా నా వైపే చూస్తున్నాడు.

"ఊ. ఏమయ్యుండును?" అన్నాను.